యార్కు నగరపు మూడు లెక్కలు

నగరములలో పూర్వము నూటికి ఇందరు పేదలుండిరి, ఇప్పుడు ఇందరే యున్నారు అను వార్త పత్రికలలో తరచుగా కనబడుచుండును. అది చదివి సంతోషింపని వారుండరు. కాని దినదినము బియ్యము కొలిచి యెసట పోయు గృహిణికి ఆ సంతోషముతోపాటు ఒక సందేహము కూడ కలుగవలెను. మా అమ్మమ్మగారి యింట మానికలు రెండుండెడివి. ఒకటి ఆమె పుట్టినింటినుండి తెచ్చుకొన్నది, రెండవది అత్తవారిది. రెంటికిని పేరొక్కటే. అయినను మొదటిదానిలో రెండవదానికన్న పిడికెడు గింజలు తక్కువ పట్టెడివి. కొట్టులో బియ్యమెన్ని మానికలున్నవని తాతగారు అడిగినప్పుడెల్ల ఆమె, "ఏ మానికతో చెప్పమంటారు?" అని యెదురు ప్రశ్న వేసెడివారట.

పేదరికపు లెక్కల విషయమునను అడుగవలసిన ప్రశ్న యదియే. దానికి సమాధానము వెదకుటకు ఇంగ్లాండు దేశమునకు ఉత్తర భాగముననున్న యార్కు నగరము మిక్కిలి తగిన చోటు. ఏలయన, ఆ యొక్క నగరమును ఒకే మనుష్యుడు తన జీవితకాలములో మూడు పర్యాయములు కొలిచెను. ఆయన పేరు సీబోమ్ రౌంట్రీ. కోకో, చాకొలెట్లు తయారుచేయు పెద్ద కర్మాగారము గల కుటుంబమువాడు. ధనికుని కుమారుడై యుండియు, 1899వ సంవత్సరమున, తన యిరువదియెనిమిదవ యేట, నగరములోని పనివారి యిండ్లనన్నిటిని ఒక్కటి విడువక విచారింపజేసెను. ఇంట పనిమనిషి నుంచుకొనువారిని మాత్రము లెక్కలోనికి తీసికొనలేదు. 11,560 కుటుంబములు, 46,754 మంది జనము ఆ లెక్కలోనికి వచ్చిరి. దాని ఫలితము 1901లో పుస్తకముగా వెలువడినది.

ఆయన మొదట చేసిన పని మన వంటయింటి పనియే. మనుష్యుడు పనిచేయుటకు వలసిన బలము నిలుచుటకు ఎంత తిండి కావలెను? ఆ తిండి యార్కు అంగళ్లలో అతి చౌకగా కొన్నచో ఎంత యగును? ఈ రెండు ప్రశ్నలు వేసికొని, భార్య, భర్త, ముగ్గురు బిడ్డలు గల కుటుంబమునకు వారమునకు 21 షిల్లింగుల 8 పెన్నీలు తప్పనిసరి యని తేల్చెను. (షిల్లింగునకు 12 పెన్నీలు.) అందులో తిండికి 12 షిల్లింగుల 9 పెన్నీలు, ఇంటి అద్దెకు 4 షిల్లింగులు, బట్టలకు, పొయ్యికి, దీపమునకు, తక్కిన సమస్తమునకు 4 షిల్లింగుల 11 పెన్నీలు. ఇంతకు తక్కువ రాబడి గలవారిది మొదటి తరగతి పేదరికము. ఇంత వచ్చియు, మద్యమువలననో, మరొక వ్యయమువలననో చాలక, ఇల్లు చూచినంతనే లేమి కనబడువారిది రెండవ తరగతి పేదరికము. ఆ రోజులలో యార్కు నగరమందలి మామూలు కూలివాని సంపాదన వారమునకు 18 మొదలు 21 షిల్లింగులవరకు మాత్రమే యుండెను. అనగా, ముగ్గురు బిడ్డలు గల కూలివాడు మద్యము ముట్టక, ఒక్కనాడును పని మానక, కానీ వృథా చేయక యున్నను ఆ గీతకు పైకి రాజాలడు. మొదటి తరగతి పేదరికమునకు కారణములు విచారింపగా, అందు సగమునకు పైగా, నూటికి 52 పాళ్లు, క్రమముగా పనిలోనుండియు కూలి చాలకపోవుటయే యని తేలినది. పేదవారు సోమరులని తలంచువారికి ఈ యంకె చాలు.

ఆ గీతమీద బ్రతుకుట ఎట్టిదో రౌంట్రీ స్వయముగా వివరించినాడు. ఆ కుటుంబము రైలెక్కరాదు. పత్రిక కొనరాదు. దూరముననున్న బిడ్డలకు ఉత్తరము వ్రాయరాదు, తపాలాబిళ్ల ఖరీదు లెక్కలో లేదు. బిడ్డకు బొమ్మ లేదు, తండ్రికి పొగాకు లేదు. ఈ నియమములలో ఏ యొక్కటి తప్పినను తప్పిన మేరకు తిండి తగ్గును. తగ్గునది ఎవరి తిండి? ఆ విషయమును కూడ ఆయన విచారించినాడు. బిడ్డకు చెప్పులజత కొనవలసివచ్చిన వారము ఆ తల్లి తాను మధ్యాహ్న భోజనము మానుకొనును. భర్త పనికి పోవలసినవాడు గనుక ఆతని పళ్లెములో తగ్గింపదు. అనేక పర్యాయము లాతనికి ఈ సంగతి తెలియనే తెలియదు. అంతియకాదు. కూలివాని జీవితమున లేమి మూడు పర్యాయములు వచ్చునని రౌంట్రీ కనుగొనెను: బాల్యమున, తన బిడ్డలు చిన్నవారై యున్న కాలమున, ముసలితనమున. స్త్రీ విషయమున ఆ నడిమి లేమి సరిగా ఆమె గర్భము మోయు సంవత్సరములతో కలిసివచ్చును. దాని ఫలము మరణపు లెక్కలలో చూడవచ్చును. నగరపు అతి పేద భాగమున పుట్టిన వేయిమంది శిశువులలో 247 మంది యేడాది నిండకుండనే పోయిరి. పనిమనుష్యులు గల యిండ్లలో పోయినవారు 94 మంది.

ఈ భాగము చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. మా సంగతి యొకటి చెప్పవలెను. 2020 మార్చిలో వ్యాధిభయమున పాఠశాలలు మూతబడినప్పుడు మావారు పనిచేయుచుండిన ప్రైవేటు పాఠశాలవారు మొదట సగము జీతమిచ్చిరి, పిమ్మట అదియు మానిరి. మాయింటను ఐదుగురమే: అత్తగారు, మావారు, మేము, ఇరువురు పిల్లలు. పెండ్లియైన నాటినుండి మేము పద్దుల పుస్తకము వ్రాయుచున్నాము. ఆ యేటి పుటలు ఇప్పుడు తిరుగవేసినచో బియ్యమునకు, పప్పునకు వ్రాసిన పద్దులు మునుపటివలెనే యున్నవి. పాలు సగమైనవి, కూరలు తగ్గినవి. ఏ లెక్కల యధికారి వచ్చి చూచినను ఈ యింట మనిషికింత చొప్పున సరిపోయినదనియే వ్రాసికొని పోయెడివాడు. కాని ఆ యేడు మాకు ఏకాదశులు ఎక్కువైనవి. సోమవారమొకటి, శనివారమొకటి తోడైనవి. అత్తగారు కొన్నాళ్లు చూచి చూచి, "ఏమే అమ్మాయీ, ఈ యేడు నీకు భక్తి ముదిరిందేం?" అని యడిగిరి. మేము నవ్వి యూరకుంటిమి. ఆమెయు మరేమియు ననలేదు. మరునాటినుండి ఆమెకును శనివారపు నియమము వచ్చినది.

పిల్లలకు, మావారికి ఈ సంగతి తెలియదు. ఈ పత్రికలో చదివి మావారు తెలిసికొందురు కాబోలు.

యార్కు నగరమునకు మరల వత్తము. ఆ నగరపు మొత్తము జనములో, రెండు తరగతులును కలిపి, 1899లో పేదవారు నూటికి 27.84 మంది యని రౌంట్రీ చెప్పెను. పనివారిలోనే లెక్కించినచో నూటికి 43.4 మంది. జనము వారే, పేదలు వారే. అంకెలు మాత్రము రెండు. మావారు గణితము చెప్పువారు. భిన్నము చూచినప్పుడు ముందు హారము చూడవలెనని పిల్లలకు నిత్యము చెప్పుచుందురు. ఒక పత్రిక మొదటి యంకెను తీసికొని, మరొకటి రెండవ యంకెను తీసికొని వాదించుకొన్నచో ఇరువురును నిజమే చెప్పుచున్నట్లగును, వినువారికి మాత్రము నిజము చిక్కదు.

1936లో రౌంట్రీ మరల ఆ వీధులనే విచారింపజేసెను. ఈ పర్యాయము ఆయన మనస్సు మారినది. పత్రిక చదువరాదు, ఉత్తరము వ్రాయరాదు అను బ్రతుకును మనుష్యుని బ్రతుకనుట తగదని తోచి, రేడియోకు, పత్రికకు, కొంచెము పొగాకునకు, బిడ్డల కానుకలకు కూడ ఎడమిచ్చి, అద్దె పోగా అయిదుగురు గల కుటుంబమునకు వారమునకు 43 షిల్లింగుల 6 పెన్నీలు కావలెనని క్రొత్త గీత గీసెను. ఆ గీతచొప్పున పనివారిలో పేదలు నూటికి 31.1 మంది తేలిరి. పాత గీతనే పట్టుకొని చూచినచో నూటికి 6.8 మంది మాత్రమే. 1899లో ఆ పాత గీతకు లోబడినవారు 15.46 మంది. ఇక చూడుడు: పాత మానికతో కొలిచినచో పేదరికము సగమునకన్న తగ్గినది; క్రొత్త మానికతో కొలిచిన యంకెను పాతదాని ప్రక్కన పెట్టినచో రెట్టింపైనది! ఇందేది నిజము?

రెండును నిజములే యని మా యభిప్రాయము. తిండిలేమి నిశ్చయముగా తగ్గినది. అది గొప్ప మేలు. కాని గీతను పైకి జరుపుట మోసమని కొందరనెడి మాట మాకు సమ్మతము గాదు. మన తాతల నాడు చెప్పులు లేకుండ బడికి పోవుట లేమి గాదు. ఈనాడు బిడ్డను అట్లు పంపుదుమా? కాలము మారినప్పుడు గీత మారవలసినదే. అయితే మార్చినవాడు మార్చితినని చెప్పవలెను, పాత గీతతో కూడ కొలిచి చూపవలెను. రౌంట్రీ రెండును చేసెను. ఆ నిజాయితీ వలననే మనమీనాడు ఆయన లెక్కను నమ్మగలుగుచున్నాము. మఱియొక సంగతి కూడ ఉన్నది. ఇల్లు చూచి లేమి పోల్చెడి రెండవ తరగతి లెక్కను ఆయన ఈ పర్యాయము విడిచిపెట్టెను. చూచువాని కంటికి లేమిగా తోచునది నలుబదేండ్లలో మారిపోయెను గనుక ఆ పోలిక నిలువదని గ్రహించెను. తన కంటిని తానే శంకించుకొను లెక్కలవారు అరుదు.

మూడవ లెక్క 1950లోనిది. అప్పటికి రౌంట్రీ వృద్ధుడు. లావెర్స్ అను నతనితో కలిసి, ఈసారి ఇంటింటికి పోక కొన్ని యిండ్లను మాత్రము ఏరి విచారించెను. పనివారిలో పేదలు నూటికి 2.77 మంది యని తేలినది. 31 నుండి 3 లోపునకు, పదునాలుగేండ్లలో! నిరుద్యోగము వలన పేదలైనవారు దాదాపు కనబడలేదు. మిగిలిన పేదరికమునకు నూటికి 68 పాళ్లు ముసలితనము, 21 పాళ్లు వ్యాధి కారణములు. యుద్ధానంతరము ప్రభుత్వము పెట్టిన భత్యములు, తిండిదినుసులపై నిచ్చిన రాయితీలు లేకున్నచో పనివారిలో అయిదవవంతునకు పైగా పేదలుగానే యుండెడివారని కూడ వారు లెక్క కట్టిరి. తరువాతి కాలపు అర్థశాస్త్రవేత్తలు మిగిలియున్న ఆ కాగితములను మరల పరిశీలించి, పేదలు చెప్పినదానికంటె హెచ్చుగానే యుండిరని చూపిరి. అయినను పెద్ద తగ్గుదల జరిగినదనుట మాత్రము నిలిచినది.

ఆ భత్యములలో నొకదానిని గూర్చి స్త్రీలమైన మనము ప్రత్యేకముగా తెలిసికొనదగిన కథ యున్నది. ఎలినార్ రాత్బోన్ అను పార్లమెంటు సభ్యురాలు, బిడ్డల పోషణకు ప్రభుత్వము నేరుగా సొమ్మీయవలెనని 1924లోనే పుస్తకము వ్రాసి, ఇరువదేండ్లకు పైగా పోరాడెను. మన దేశపు బాల్యవివాహములను ఖండించుచు 1934లో పుస్తకము వ్రాసినదియు నామెయే. 1945లో చట్టపు ముసాయిదా వచ్చినప్పుడు సొమ్ము తండ్రి కీయవలెనని అందులో నుండెను. ఆమె, మరికొందరును పట్టుబట్టి దానిని తల్లి చేతికి మార్పించిరి. రెండవ బిడ్డ మొదలుకొని బిడ్డకు వారమునకు 5 షిల్లింగులు 1946 ఆగస్టునుండి తల్లుల చేతికి వచ్చినవి. ఆ సంవత్సరపు జనవరిలోనే ఆమె మరణించుటచే ఆ దినమును చూడలేదు. సొమ్ము ఎవరి చేతికి వచ్చినను కుటుంబమునకే గదా యని మగవారనవచ్చును. భోజనము మానుకొన్న యార్కు తల్లి యట్లనునా?

మన దేశమున ఈ విచారము క్రొత్తది గాదు. రౌంట్రీ పుస్తకము వెలువడిన 1901లోనే దాదాభాయి నౌరోజీగారి పుస్తకమును లండనులో వెలువడినది. అంతకు చాల ముందే, 1876లో, భారతీయుని సాలుసరి రాబడి సగటున 20 రూపాయలని ఆయన లెక్కగట్టి, చెరసాలలో ఖైదీకి పెట్టు తిండి ఖరీదుకైన అది చాలదని చూపియుండెను. చెరసాల కూడును కొలమానముగా తీసికొనుటలోనే ఎంత యాక్షేపణ యున్నదో చెప్పనక్కరలేదు.

స్వాతంత్ర్యానంతరపు లెక్కలకు వత్తము. టెండూల్కరు సంఘము చెప్పిన పద్ధతిచొప్పున మన దేశపు నగరములలో, పట్టణములలో పేదలు 1993–94లో నూటికి 31.8 మంది, 2011–12లో 13.7 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశపు పట్టణములలో 2011–12లో 5.8 మంది మాత్రమే. చూచుటకు యార్కు తగ్గుదలవలెనే యున్నది. అప్పటి గీత పట్టణములలో మనిషికి నెలకు 1,000 రూపాయలు, అనగా దినమునకు 33 రూపాయలు. పిమ్మట 2014లో రంగరాజన్ సంఘమువారు ఆ గీత చాలదని 1,407 రూపాయలుగా చెప్పిరి. అంతట అదే 2011–12 సంవత్సరమున పట్టణపు పేదలు నూటికి 26.4 మందియైరి. 5 కోట్ల 31 లక్షలు కాస్త 10 కోట్ల 25 లక్షలైనవి. ఒక్కని జీతమును పెరుగలేదు, ఒక్కని జీతమును తగ్గలేదు. మానిక మారినది.

గీతయే కాదు, ప్రశ్న అడిగెడి తీరును లెక్కను మార్చును. ఇది మన గృహిణులకు చక్కగా బోధపడు సంగతి. జాతీయ నమూనా సర్వేవారు ఇంటికి వచ్చి అడుగునది సాధారణముగా మననే గదా. చిరకాలము వారు, "గడచిన 30 దినములలో నూనె యెంత వాడితిరి? కూరగాయలెన్ని కొంటిరి?" అని యడిగెడివారు. 1990ల నడుమ కొన్ని యిండ్లలో పరీక్షకొరకు 30 దినములకు మారుగా 7 దినముల లెక్క యడిగిచూచిరి. వారములో తిన్నది బాగుగా జ్ఞాపకముండును గనుక తిండి వ్యయము హెచ్చుగా తేలినది. ఆ యొక్క మార్పుతోనే దేశమందలి పేదల లెక్క దాదాపు సగమయ్యెను! 1999–2000 సర్వేలో రెండు ప్రశ్నలను ప్రక్కప్రక్కనే అడుగగా, ఒకదాని జవాబు రెండవదానిని లాగినది. నిన్నటి చింతకాయ పచ్చడిలో ఎంత నూనె పోసితిమో మనకు తెలియును. నెలక్రిందటిది అడిగినచో ఏదో యొకటి చెప్పుదుము. పండితులు ఆ సంవత్సరపు అంకెను గూర్చి యెన్నో యేండ్లు వాదించుకొనిరి. ఆ వాదమంతకు మూలము ఏదో యొక యింటి గడపలో నిలుచుండి, పొయ్యిమీద పాలు పొంగునేమో యని వెనుకకు చూచుచు జవాబు చెప్పిన యిల్లాలు.

2011–12 పిమ్మట వెలువడిన లెక్క 2022–23లోనిది. అందును అడిగెడి తీరు మారినది. ఒక్క రాకతో సరిపెట్టక పలుమారులు వచ్చి, తిండిని, తక్కిన వస్తువులను వేర్వేరుగా అడిగిరి. కావున ఆ రెంటిని తిన్నగా సరిపోల్చువారు కొంచెము నిదానింపవలెను. ఆ సర్వేలో మాకు మిక్కిలి నచ్చిన దొకటి యున్నది. ప్రభుత్వము ఉచితముగా నిచ్చు బియ్యము మొదలగువాటిని ఖర్చులో చేర్చవలెనా, కూడదా యను చిక్కు వచ్చినప్పుడు వారు రెండు లెక్కలు ప్రకటించిరి. పట్టణములలో మనిషికి సగటు నెలసరి వ్యయము ఉచిత వస్తువులు చేర్పనిచో 6,459 రూపాయలు, చేర్చినచో 6,521 రూపాయలు.

ఆ చిక్కు మాయింటను వచ్చియుండెను. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వమువారు ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇచ్చిరి. డబ్బు జమలో వ్రాసితిమి. బియ్యము సంచి యింటికి తెచ్చిన నాటి రాత్రి పద్దు వ్రాయుచు, దీనిని జమలో వ్రాయవలెనా, ఖర్చులో వ్రాయవలెనా యని మావారి నడిగితిమి. కొననిది ఖర్చెట్లగునని యాయన. తిన్నది ఖర్చు గాకెట్లు పోవునని మేము. కొంతసేపు వాదులాడుకొని ఇరువురమును నవ్వుకొంటిమి. తుదకు రెండు గడులలోను వ్రాయక, పుట అంచున, "బియ్యము, 25 కిలోలు" అని మాత్రము వ్రాసియుంచితిమి. ఆ వారము శనివారమునాడు అత్తగారును మేమును రాత్రి అన్నము తింటిమి.